మిగిలేదేమిటి, మిగిలేదెవరు?

హెన్రియెట్టా లాక్స్ అనే 31 ఏళ్ల మహిళ 1951 అక్టోబరు 4న అమెరికాలోని బాల్టిమోర్‌లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో మరణించింది. అంతకు కొన్ని నెలల ముందు ఆమెకు తెలియకుండానే ఆమె కణితి నుంచి సేకరించిన కణాలు మాత్రం చావలేదు. అంతవరకు ప్రయోగశాలలో పెంచాలని చూసిన మానవ కణాలు కొద్దికాలంలోనే నశించిపోయేవి. ఇవి విభజన చెందుతూనే పోయాయి, పోలియో టీకా పరీక్షలకు అక్కరకు వచ్చాయి, హీలా కణాలన్న పేరుతో ఈనాటికీ ఎన్నో దేశాల ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి. చనిపోయిన మనిషిలో ఏదో ఒక భాగం బతికి ఉండటం సాధ్యమేనా అని అడిగితే, సాధ్యమేనని నిస్సందేహంగా చెప్పవచ్చు. అయినా హెన్రియెట్టా లాక్స్ బతికే ఉందని ఎవరూ అనరు.

మరణానంతర అస్తిత్వం గురించి జరిగే వాదాలు చిక్కుపడేది సరిగ్గా ఇక్కడే. మూడు వేర్వేరు ప్రశ్నలను మనం ఒకే ప్రశ్నగా అడుగుతూ ఉంటాం. ఏదైనా మిగులుతుందా అన్నది మొదటిది. ఆ మిగిలినది నేనేనా అన్నది రెండవది. తాను మిగిలి ఉన్నట్టు దానికి తెలుస్తుందా అన్నది మూడవది. మొదటిదానికి రుజువు చూపించి, ఆ బలంతో తక్కిన రెండింటికీ అవుననే జవాబు రాబట్టుకోవడం ఈ చర్చల్లో తరచుగా కనిపించే పద్ధతి. శక్తి నశించదు గనుక ఆత్మ కూడా నశించదు అన్న వాదం ఇందుకు మంచి ఉదాహరణ. విశ్రాంతిగా కూర్చున్న మనిషి శరీరం దాదాపు 100 వాట్ల వేడిని వెలువరిస్తుంది. అందులో మెదడు వాటా సుమారు 20 వాట్లు. ప్రాణం పోయాక ఒంట్లో మిగిలిన వేడి చుట్టూ ఉన్న గాలిలోకి పోతుంది, కణజాలంలోని రసాయన శక్తి సూక్ష్మజీవులకో మంటకో చేరుతుంది. ఈ లెక్కలో ఎక్కడా లోటు కనిపించదు, ఎక్కడికి పోయిందో తెలియని శక్తి అంటూ ఏదీ తేలదు. ఉత్తరాన్ని కాల్చివేస్తే అందులోని పరమాణువు ఒక్కటి కూడా నశించదు గాని, రాసిన సంగతి మాత్రం దక్కదు. మరణంలో పోయేది కూడా శక్తి కాదు, ఒక అమరిక. అమరికలను కాపాడే నిత్యత్వ నియమమేదీ భౌతికశాస్త్రంలో లేదు.

అలాగని ఈ ప్రశ్నను పరీక్షకు పెట్టాలన్న ఆలోచన ఆధునికులకే పుట్టిందనుకోనక్కరలేదు. బౌద్ధుల పాళీ త్రిపిటకంలోని దీఘనికాయంలో పాయాసి అనే పాలకుడి కథ ఉంది. పరలోకం లేదని, చచ్చినవాడు మళ్లీ పుట్టడని అతని నమ్మకం. అది ఊరికే పట్టుకున్న నమ్మకం కాదు, పరీక్షించి చూశానంటాడు. పాపకార్యాలు చేసిన బంధువులు మరణశయ్య మీద ఉన్నప్పుడు వెళ్లి, మీరు నరకానికే పోతే వచ్చి నాకా మాట చెప్పండి అని అడిగాడు. సరేనన్నారు, ఒక్కరూ రాలేదు. పుణ్యాత్ములను స్వర్గం సంగతి చెప్పమన్నాడు, వాళ్లూ రాలేదు. మరణశిక్ష పడిన దొంగను బతికుండగానే కుండలో పెట్టించి, మూతికి పచ్చి తోలు కట్టించి, దాని మీద మట్టి మెత్తించి, పొయ్యి మీదికెక్కించాడు. వాడు చనిపోయాడని తేలాక కుండ దించి, మూత కొద్దిగా తెరిచి, జీవుడు బయటికి వస్తాడేమోనని కనిపెట్టుకుని చూశాడు. ఏమీ రాలేదు. మరొకణ్ని తూకం వేయించి, వింటినారితో గొంతు బిగించి చంపించి, మళ్లీ తూయించాడు. జీవుడు వెళ్లిపోతే బరువు తగ్గాలి కదా. చచ్చినవాడు మరింత బరువుగా, బిగుసుకుపోయి ఉన్నాడంటాడు పాయాసి.

ఇందులోని క్రూరత్వాన్ని పక్కనబెడితే, పరీక్షలుగా ఇవి తీసిపారేయదగినవి కావు. వీటికి కుమార కస్సపుడనే భిక్షువు చెప్పిన సమాధానాల్లో కొన్ని ఇప్పటికీ పదునుగానే ఉన్నాయి. తలారుల చేతికి చిక్కిన దొంగ, ఇంటికి వెళ్లి చుట్టాలతో ఒక మాట చెప్పి వస్తానంటే వదులుతారా అని నరకం విషయంలో అడుగుతాడు. మురికిగుంటలోంచి బయటపడి స్నానం చేసి మంచి బట్టలు కట్టుకున్నవాడు మళ్లీ ఆ గుంటలోకి దిగడానికి ఇష్టపడతాడా అని స్వర్గం విషయంలో అడుగుతాడు. సమాధానాలు చమత్కారంగానే ఉన్నాయి గాని, వీటిలో ఒక ఇబ్బంది ఉంది. కబురు వస్తే పరలోకం ఉన్నట్టు, రాకపోయినా లేనట్టు కాదు అన్నప్పుడు, ఏ ఫలితమూ ఆ నమ్మకాన్ని కదిలించలేదు. పాయాసి పరీక్ష లోపభూయిష్ఠమేనని ఒప్పుకున్నా, కస్సపుడి సమర్థన దాన్ని ఎవరూ పరీక్షించలేని చోట దాచిపెడుతోంది.

ఈ మూడు పరీక్షల్లో రెండు మన కాలంలోనూ జరిగాయి. 1907లో డంకన్ మెక్‌డూగల్ అనే అమెరికన్ వైద్యుడు, చావుకు దగ్గరపడిన ఆరుగురు రోగులను మంచంతో సహా తూకపు యంత్రం మీద ఉంచి చేసిన పరిశీలనలను ప్రచురించాడు. ఆత్మ బరువు 21 గ్రాములన్న ప్రచారం పుట్టింది ఇక్కడే. ఆ అంకె మొదటి రోగి ఒక్కడిది. ఇద్దరి ఫలితాలను ఆయనే లెక్కలోంచి తీసేశాడు, తక్కినవి ఒకదానితో ఒకటి పొసగలేదు. ప్రాణం పోయిన క్షణం ఏదో కచ్చితంగా చెప్పలేని స్థితిలో, ఆరుగురి మీద చేసిన, ఎవరూ తిరిగి నిరూపించని తూకాన్ని శాస్త్రం అనలేం. పదిహేను కుక్కల మీద కూడా చేసి, వాటి బరువు తగ్గలేదు గనుక కుక్కలకు ఆత్మ లేదన్న అభిప్రాయానికి వచ్చాడాయన. మనుషుల విషయంలో ఆయన ఏ జవాబు కోరుకున్నాడో దీన్నిబట్టి ఊహించవచ్చు. ఇక కబురు పరీక్షను తన మీదే పెట్టుకున్నవాడు వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన మానసిక వైద్యుడు ఇయాన్ స్టీవెన్‌సన్. తన మనసులో మాత్రమే ఉన్న ఒక సంకేతంతో తాళం బిగించి దాచిపెట్టాడు. మరణించాక తానేదైనా రూపంలో మిగిలి ఉంటే ఆ సంకేతాన్ని ఎవరి ద్వారానైనా అందజేస్తానన్నాడు. ఆయన 2007లో మరణించాడు. పాయాసి పరీక్ష కంటే ఇది మెరుగైనది, ఎందుకంటే ఊరికే వచ్చి చెప్పడం సరిపోదు, ఇతరులకు తెలియని సంగతినే చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఇది మూడు ప్రశ్నలనూ ఒకేసారి పరీక్షిస్తుంది: మిగిలినదేదో ఉండాలి, అది స్టీవెన్‌సన్ అయి ఉండాలి, తాళం సంకేతం దానికి గుర్తుండాలి.

గుర్తుండటం అన్న ఆ చివరి షరతు దగ్గరే ఆధునిక శాస్త్రం ఇచ్చే సాక్ష్యం అన్నిటికంటే బలంగా ఉంది. శరీరంలోంచి ఏదో బయటికి పోతుందా అని వెతకడం మానేసి, మెదడు దెబ్బతిన్నప్పుడు మనిషిలో ఏమేం పోతున్నదో చూడటం మొదలుపెట్టాక చిత్రం మారిపోయింది. 1953లో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ల యువకుడికి మూర్ఛవ్యాధి తగ్గించడానికి మెదడులో రెండు వైపులా హిప్పోక్యాంపస్ అనే భాగాన్నీ దాని చుట్టుపక్కల భాగాలనూ చాలావరకు తొలగించారు. మూర్ఛలు తగ్గాయి, కానీ ఆనాటి నుంచి 2008లో మరణించేవరకు జరిగిన సంఘటన ఏదీ అతని జ్ఞాపకంలో నిలవలేదు. దశాబ్దాల పాటు తనను పరిశీలించిన పరిశోధకులు గదిలోకి వచ్చిన ప్రతిసారీ అతనికి కొత్తవాళ్లే. అతని తెలివితేటలు, మర్యాద, పాత జ్ఞాపకాల్లో చాలా భాగం అలాగే ఉన్నాయి. వేలెడంత కణజాలం లేకపోతేనే కొత్త జ్ఞాపకం ఒక్కటీ నిలవనప్పుడు, మెదడంతా బూడిదయ్యాక జ్ఞాపకాలన్నీ భద్రంగా ఉంటాయని చెప్పేవారు అదెలాగో వివరించవలసి ఉంటుంది. అల్జీమర్స్ వ్యాధి ఇదే ప్రశ్నను ఎంతోమంది ఇళ్లలో, మెల్లమెల్లగా, ఏళ్ల తరబడి అడుగుతూ ఉంటుంది.

రెండు మెదడు అర్ధగోళాలను కలిపే నాడీతంతువుల కట్టను కోసివేసిన రోగుల ఉదంతం మరింత కలవరపెడుతుంది. ఈ పరిశోధనలకు రోజర్ స్పెర్రీ 1981లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. కుడి అర్ధగోళానికి మాత్రమే చూపిన వస్తువును, ఆ అర్ధగోళం అధీనంలో ఉండే ఎడమ చేయి వెతికి పట్టుకుంటుంది. ఏం చూశావని అడిగితే, మాట్లాడే ఎడమ అర్ధగోళం ఏమీ చూడలేదంటుంది. మనసుకు భాగాలు ఉండవు, శరీరాన్ని విభజించవచ్చు గాని మనసును విభజించలేమన్నది ఆత్మ శరీరం కంటే వేరని చెప్పడానికి ఫ్రెంచి తత్త్వవేత్త దెకార్త్ 1641లో చూపిన కారణాల్లో ఒకటి. ఈ రోగుల్లో ఉన్నది ఒక మనసా రెండా అన్న వివాదం తెగలేదు గాని, విభజించలేమన్న మాటను అంత ధీమాగా అనే వీలు మాత్రం ఇప్పుడు లేదు.

దీనికి తెలివైన ప్రత్యుత్తరం ఒకటి ఉంది. మెదడు చైతన్యాన్ని పుట్టిస్తుందని అనుకోవడం ఎందుకు, ఎక్కడో ఉన్న చైతన్యాన్ని తనగుండా ప్రసరింపజేస్తుందని అనుకోవచ్చు కదా అన్నాడు అమెరికన్ తత్త్వవేత్త విలియం జేమ్స్, 1897లో మానవ అమరత్వం మీద చేసిన ప్రసంగంలో. రంగుటద్దం వెలుగును పుట్టించదు, వెలుగుకు రంగు ఇస్తుంది. అద్దం పగిలితే ఆ రంగు పోతుంది గాని వెలుగు పోదు. మెదడు దెబ్బతింటే మనసు దెబ్బతినడం ఒక్కటే మెదడే మనసును పుట్టిస్తోందనడానికి రుజువు కాదన్న తార్కిక సత్యాన్ని జేమ్స్ సరిగానే పట్టుకున్నాడు. ఈ మాటను తోసిపుచ్చేవారు చాలామంది దాన్ని సరిగా చదవలేదనిపిస్తుంది. అయితే ఈ వాదానికి చెల్లించవలసిన మూల్యం తక్కువేమీ కాదు. జ్ఞాపకం, భాష, స్వభావం, కోపతాపాలు, ఫలానా మనిషి మీద ప్రేమ — మెదడు దెబ్బతింటే ఒక్కొక్కటిగా పోతాయని మనకు తెలిసినవన్నీ అద్దం ఇచ్చిన రంగులే అవుతాయి. అద్దం పగిలాక ఏ రంగూ లేని వెలుగు మిగులుతుంది. అది ఎవరి వెలుగు అని అడగడానికి ఇక ఆధారమేదీ ఉండదు.

చావు అంచుదాకా వెళ్లి వచ్చినవారి అనుభవాలు ఈ లెక్కను మార్చవా? ఆ అనుభవాలు నిజమైనవేనన్నది నిర్వివాదాంశం. అవి దేనికి సాక్ష్యమన్నదే తేలవలసినది. 2001లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన నెదర్లాండ్స్ పరిశోధనలో, గుండె ఆగి తిరిగి కొట్టుకున్న 344 మందిలో 62 మంది, అంటే 18 శాతం, ఇటువంటి అనుభవాన్ని చెప్పారు. ఇందులో గమనించవలసినది, వీరెవరి మెదడూ చనిపోలేదు. గుండె ఆగిన పది ఇరవై సెకన్లలో మెదడులో నమోదయ్యే విద్యుత్ సంకేతం చదునైపోతుంది, నిజమే. కానీ ఆ అనుభవం సరిగ్గా చదునైన ఆ వ్యవధిలోనే కలిగిందా, స్పృహ తప్పుతున్నప్పుడా, తిరిగి వస్తున్నప్పుడా అన్నది ఆ మనిషి కూడా చెప్పలేడు, ఎందుకంటే గడియారం అతని చేతిలో లేదు. దీన్ని తేల్చడానికే 2014లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, పైకప్పు దగ్గర నుంచి చూస్తే తప్ప కనిపించని విధంగా ఎత్తైన అరల మీద బొమ్మలు పెట్టారు. గుండె ఆగిన 2,060 సంఘటనలను పరిశీలిస్తే, బతికి బయటపడి పరిశోధకులతో మాట్లాడగలిగినవారు 140 మంది దాకా తేలారు. ఒక రోగి తనకు చికిత్స జరుగుతున్నప్పటి సంగతులను సరిగా చెప్పాడు. అరల మీది బొమ్మను చూశానన్నవాడు ఒక్కడూ లేడు. చాలా సంఘటనలు అసలు అరలే లేని గదుల్లో జరిగాయి. పరిశోధన అటూ ఇటూ కాకుండా ఆగిపోయింది.

మరోవైపు, శరీరం నుంచి విడివడి పైనుంచి చూసుకుంటున్నట్టు అనిపించడానికి చావు అవసరమే లేదని 2002లో నాడీశాస్త్రవేత్త ఓలాఫ్ బ్లాంకె బృందం చూపింది. మూర్ఛరోగికి కుడి మెదడులో ఒక చోట విద్యుత్తు తాకించగానే ఆమెకు ఆ అనుభూతి కలిగింది. 2023లో ప్రచురించిన మరో పరిశీలనలో, కృత్రిమ శ్వాస తొలగించిన నలుగురిలో ఇద్దరి మెదళ్లలో చివరి నిమిషాల్లో గామా తరంగాలనే వేగవంతమైన విద్యుత్ సంకేతాలు ఉప్పొంగినట్టు కనిపించింది. ఆ ఇద్దరూ ఏమి అనుభవించారో చెప్పడానికి బతకలేదు గనుక, దీన్నిబట్టి కూడా పెద్ద నిర్ధారణకు రాలేం. చనిపోతున్న మెదడు మనం అనుకున్నంత నిశ్శబ్దంగా ఉండకపోవచ్చన్నంతవరకే చెప్పవచ్చు.

పూర్వజన్మ చెప్పే పిల్లల ఉదంతాలను సేకరించినవాడు కూడా పైన చెప్పిన స్టీవెన్‌సనే. ఆయనా ఆయన విభాగమూ కలిపి 2,500కు పైగా నమోదు చేశారు. రెండేళ్ల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు మాట్లాడటం మొదలుపెడతారు, ఎక్కువమంది ఏడెనిమిదేళ్లకు మరిచిపోతారు. వీటిని కట్టుకథలని ఒక్కమాటతో కొట్టిపారేయడం న్యాయం కాదు. ఆయన ఓపికగా, తేదీలతో, సాక్షులతో పనిచేశాడు. బలహీనత మరోచోట ఉంది. చాలా ఉదంతాల్లో పరిశోధకుడు చేరుకునేసరికే రెండు కుటుంబాలూ కలుసుకుని మాట్లాడుకున్నాయి. పిల్లవాడు ముందుగా ఏమన్నాడు, కలిసిన తరువాత ఏమన్నాడని చెబుతున్నారు అన్న తేడా ఆపాటికే చెరిగిపోయి ఉంటుంది. పునర్జన్మను నమ్మే సమాజాల్లోనే ఇవి ఎక్కువగా దొరకడం ఆ అనుమానాన్ని పెంచుతుంది. ఒకవేళ ఏదో ఒక ఉదంతం అన్ని పరీక్షలకూ నిలిచిందనే అనుకుందాం. అప్పటికీ తేలేది, ఒకరి జ్ఞాపకాలు కొన్ని మరొకరిలోకి చేరాయన్నంతవరకే. చేరిన జ్ఞాపకాలను బట్టి ఆ పిల్లవాడు ఆ చనిపోయిన మనిషే అవుతాడా?

జ్ఞాపకం ఎంతవరకు వెనక్కి వెళ్లగలిగితే అంతవరకు ఆ మనిషేనన్నాడు పదిహేడవ శతాబ్దంలో ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్. వినడానికి సబబుగానే ఉంటుంది. థామస్ రీడ్ 1785లో దీన్ని ఒక సేనాధిపతి కథతో నిలదీశాడు: ముసలి సేనాధిపతికి తాను కుర్ర అధికారిగా చేసిన సాహసం గుర్తుంది, ఆ అధికారికి చిన్నప్పుడు తిన్న దెబ్బలు గుర్తున్నాయి, సేనాధిపతికి ఆ దెబ్బలు గుర్తులేవు. లాక్ లెక్క ప్రకారం ముసలివాడు ఆ అధికారే, ఆ అధికారి ఆ పిల్లవాడే, కానీ ముసలివాడు ఆ పిల్లవాడు కాదు. ఇరవయ్యవ శతాబ్దంలో బెర్నార్డ్ విలియమ్స్ మరింత గట్టి చిక్కు తెచ్చాడు. ఒక మృతుడి జ్ఞాపకాలన్నీ ఒకే కాలంలో ఇద్దరిలో కనిపిస్తే? ఇద్దరూ అతనే కాలేరు. ఒకరే అతనని చెప్పడానికి కారణం లేదు. కాబట్టి జ్ఞాపకాలు పూర్తిగా కొనసాగినా మనిషి కొనసాగాడని చెప్పలేం. మృతుల సందేశాలను, గొంతును పోగేసి వారిలా మాట్లాడే కృత్రిమ మేధ కార్యక్రమాలను తయారుచేస్తున్న ఈ రోజుల్లో ఈ చిక్కు తత్త్వవేత్తల గదులు దాటి బయటికొచ్చింది. అటువంటిదాన్ని కావలసినన్ని నకళ్లు తీయవచ్చు గనుక, అందులో ఏదీ ఆ మనిషి కాదని చెప్పడానికి విలియమ్స్ వాదమే చాలు.

బౌద్ధులు ఈ ముడిని విప్పకుండా తెంచివేశారు. కొనసాగేది ఉంది, కానీ కొనసాగేవాడు లేడు. మళ్లీ పుట్టినవాడు వాడేనా, వేరొకడా అని మిలిందరాజు అడిగితే, వాడూ కాదు, వేరొకడూ కాదంటాడు నాగసేనుడనే భిక్షువు. రాత్రి తొలిజాములో వెలిగిన దీపజ్వాలే చివరిజాములోని జ్వాలా అంటే కాదు. వేరొక దీపమా అంటే అదీ కాదు. మరి వాడు కానప్పుడు పాత కర్మఫలం ఎందుకు అనుభవించాలన్న ప్రశ్నకు మామిడిపళ్ల దొంగ కథ చెబుతాడు: ఆసామి నాటిన మామిడిపండు వేరు, నేను కోసిన పండు వేరు, కాబట్టి నేను దొంగను కానని వాడంటే చెల్లుతుందా? బాధ్యత కొనసాగడానికి వ్యక్తి కొనసాగనక్కరలేదన్న ఈ సూక్ష్మం చాలా దూరం వెళుతుంది. బృహదారణ్యకోపనిషత్తులోనూ దీనికి దగ్గరి సన్నివేశం ఒకటి ఉంది. చనిపోయినవాడి వాక్కు అగ్నిలో, ప్రాణం వాయువులో, చూపు సూర్యుడిలో కలిసిపోయాక ఆ పురుషుడు ఎక్కడుంటాడని ఆర్తభాగుడు సభలో అడుగుతాడు. యాజ్ఞవల్క్యుడు, ఇది నలుగురిలో మాట్లాడేది కాదు, చేయి ఇలా ఇవ్వమని పక్కకు తీసుకువెళతాడు. వారిద్దరూ మాట్లాడుకున్నది కర్మ గురించేనని మాత్రం ఉపనిషత్తు చెబుతుంది. ఆ పురుషుడు ఎక్కడున్నాడన్న ప్రశ్నకు సూటి జవాబు ఆ సభలో రాలేదు.

అదే యాజ్ఞవల్క్యుడు భార్య మైత్రేయితో అన్న మాట మరింత విస్మయకరమైనది. నీళ్లలో వేసిన ఉప్పుగడ్డ కరిగిపోయాక దాన్ని మళ్లీ గడ్డగా పట్టుకోలేనట్టే, ఈ విజ్ఞానఘనం, అంటే ముద్దకట్టిన చైతన్యం, నేల నీరు వంటి భూతాల నుంచి పైకి లేచి వాటితోపాటే లయిస్తుంది. మరణించాక సంజ్ఞ, అంటే ఎరుక, లేదు అన్నాడు. మైత్రేయి, నన్ను అయోమయంలో పడేశారు స్వామీ అంది. ఆమె అయోమయంలో తప్పు లేదు. అమృతత్వం గురించి చెప్పమని అడిగితే వచ్చిన జవాబు అది. ఈ వాక్యాన్నే పద్నాలుగో శతాబ్దపు సర్వదర్శన సంగ్రహంలో చార్వాకుల పక్షాన ఉదహరించారు: పిండి పులిస్తే మత్తు పుట్టినట్టు నాలుగు భూతాల కలయికలో చైతన్యం పుడుతుంది, అవి విడిపోతే పోతుంది, వేదమే చెబుతోంది చూడండి అని. శంకరాచార్యుల భాష్యం మాత్రం దీన్ని మరోలా చదువుతుంది. పోయేది విశేష సంజ్ఞ, అంటే నేను ఫలానావాణ్ని, ఫలానావారి కొడుకును, ఇది నా పొలం, ఇది నా సుఖదుఃఖం అన్న ఎరుక. శుద్ధ చైతన్యం పోదు. ఆ చైతన్యానికి ఎదురుగా రెండవది ఉండదు గనుక, అది దేనిని చూస్తుంది, ఎవరిని తెలుసుకుంటుంది అని యాజ్ఞవల్క్యుడే తిరిగి ప్రశ్నిస్తాడు.

శుద్ధ చైతన్యం మిగులుతుందా, ఏమీ మిగలదా అన్న దగ్గర ఈ రెండు పక్షాలకూ ఎప్పటికీ పొత్తు కుదరదు. తాళాలు, తూకాలు, అరల మీది బొమ్మలు ఆ తగువును తీర్చలేవు, ఎందుకంటే ఆ చైతన్యానికి ఇవ్వడానికి సంకేతం గాని, గుర్తు చేసుకోవడానికి బొమ్మ గాని లేవు. కానీ పోయిన తల్లి తనను ఇంకా గుర్తుపెట్టుకుని ఉందా అని ఒక కొడుకు అడిగితే, చార్వాకుడూ శంకరుడూ ఇద్దరూ లేదనే అంటారు.